పొడికన్ను గడిలో నేను పెట్టిన టిక్కు

నేను డాక్టరును కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నల్లగొండలో ఒక కళ్ళద్దాల దుకాణంలో గ్లాసులు అరగదీయడం నేర్చుకుని, తరువాత చిట్యాలలో మెయిన్ రోడ్డు మీద సొంత దుకాణం పెట్టుకుని, నలభై రెండేళ్ళు జనానికి సైటు చూసి అద్దాలు అమర్చాను. ఇంగ్లీషు నేర్చుకున్నది కూడా పాత కంటి పుస్తకాలు చదవడానికే. డిక్షనరీ పక్కన పెట్టుకుంటే ఒక పేజీకి ఒక వారం పట్టేది. ఊళ్ళో నన్ను అద్దాల యాదగిరి అంటారు. మర్యాద ఇచ్చేవాళ్ళు అద్దాల సారు అంటారు.

పోయిన ఏడాది దుకాణం మూశాను. ఇప్పుడు ఈ పని కోర్సు చదివి నేర్చుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటున్నారు. వాళ్ళకు కావలసింది ఏ ఫ్రేము బాగా పోతుంది, గిరాకీ ఎట్లా పెరుగుతుంది అన్నది. అది నేను చెప్పను. దుకాణం అద్దం మీద బొమ్మలు అతికించి గిరాకీ పెంచడం ఎవరైనా చేస్తారు. ఒక ఆడపిల్ల చూపు నా చేతుల మీదుగా పోబోయింది. అది ఎట్లా పోబోయిందో రాస్తాను. చదివి నన్ను తిట్టుకున్నా పరవాలేదు, మీరు అదే పని చేయకుండా ఉంటే చాలు.

అనుమానం నేర్పిన ఉస్తాద్

నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ కరీం సాబ్. గడ్డానికి ఎప్పుడూ గ్లాసు పొడి అంటుకుని ఉండేది. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం గ్లాసు గురించి కాదు, మనుషుల గురించి.

ఒకసారి లైసెన్సు కోసం సర్టిఫికెట్ కావాలని లారీ డ్రైవరొకడు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, చార్టులో అన్నిటికన్నా చిన్న వరుసను గడగడా చదివేశాడు. నేను కాగితం మీద రాయబోతుంటే ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. బీరువా వెనక నుంచి ఇంకో చార్టు తీసి గోడకు తగిలించాడు. డ్రైవరు మళ్ళీ గడగడా చదివాడు, ఇంతకు ముందు చదివిన అక్షరాలనే.

"క్యా మియా, చార్టు మారింది, నువ్వు మారలే?" అన్నాడు ఉస్తాద్.

డ్రైవరు తల గోక్కున్నాడు. "బయట బెంచీ మీద కూసున్నప్పుడు లోపలోడు చదువుతుంటె విని బట్టీ పట్టిన సాబ్."

ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ అనుమానించడం నేర్చుకున్నాను. బడి ఎగ్గొట్టడానికి తలనొప్పి అనే పిల్లలు, కోడలు అద్దాలు కొనివ్వలేదని ఊళ్ళో చెప్పుకోవడానికి కనబడడం లేదనే అత్తలు, పింఛను కోసం ఒక కన్ను మూసుకుపోయిందనే వాళ్ళు, అందరూ నా దుకాణానికి వచ్చారు. చాలామందిని పట్టుకున్నాను. అది నా గొప్ప అనుకున్నాను.

ఉస్తాద్ నేర్పిన రెండో సంగతి చాలా చిన్నది. చార్టు ముందు కూర్చున్న మనిషితో ప్రతి వరుసకూ ఒక మాట అనాలి: "రెప్ప కొట్టి చదువు." కంటి మీద దుమ్మో పుసో ఉంటే రెప్పతో తుడుచుకుపోతుంది, పవర్ సరిగ్గా తేలుతుంది. నలభై రెండేళ్ళు ఆ మాట అన్నాను. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ మాటే ఒక రోజు నన్ను మోసం చేసింది.

బల్బుల చార్టు

తెలంగాణ వచ్చిన తరువాత మా రోడ్డు మీద ప్రతి గోడకూ కంటి లేజరు ఆపరేషన్ పోస్టర్లే. అద్దాలు విసిరి పారేస్తున్న అమ్మాయి బొమ్మ, కింద ఫోన్ నంబరు. హైదరాబాదులో ఒక లేజరు సెంటరు నుంచి ఒకడు మోటారు సైకిలు మీద నెలకోసారి వచ్చేవాడు. ఇన్‌షర్టు, మెడలో కార్డు, ఎప్పుడూ నవ్వే మొహం. వచ్చిన మొదటి రోజే నాకు ఒక చార్టు బోర్డు ఇచ్చాడు. లోపల బల్బులు, స్విచ్చి వేస్తే అక్షరాలు పాలలా మెరిసేవి. బోర్డు పైన వాళ్ళ సెంటరు పేరు నా దుకాణం పేరుకన్నా పెద్దగా ఉంది.

"ఎందుకు ఇస్తున్నవ్?" అన్నాను.

"ఊకెనే అంకుల్. పెద్దమనుషులు, మీ సర్వీసుకు గిఫ్టు."

ఊకెనే ఎవడూ ఏదీ ఇవ్వడు. నాకు తెలుసు. బోర్డుతో పాటు చీటీల కట్ట కూడా ఇచ్చాడు. ఎవరైనా లేజరు అడిగితే ఆ చీటీ నింపి పంపాలి. పేరు, వయసు, పవర్, కంట్లో పెట్టుకునే లెన్సులు వాడుతున్నారా లేదా. చివరి గడిలో "పొడికన్ను: ఉంది / లేదు", అంటే కన్ను తడారిపోతోందా అని.

"ఇది ఎట్ల జూడాలె?" అని అడిగాను.

"మా దగ్గర మళ్ళ జూస్తరు అంకుల్. మీరు టిక్కు పెట్టుర్రి. ఫార్మాలిటీ."

వాడి నవ్వు మీద నాకు నమ్మకం లేదు. వాడి బూట్ల మీద లేదు, వాడు కూర్చోకుండా నిలబడే మాట్లాడే పద్ధతి మీద లేదు. అయినా టిక్కులు పెట్టాను. ఎవరిని పంపినా "లేదు" దగ్గరే పెట్టాను. ఎందుకంటే "ఉంది" అని పెట్టాలంటే చూడడం తెలియాలి. నాకు తెలియదు. తెలియదని రాయడానికి ఆ చీటీలో గడి లేదు, ఉన్నా రాసేవాణ్ణి కాదు. అద్దాల సారుకు తెలియనిది ఒకటుందని చిట్యాలకు తెలియడం నాకు ఇష్టం లేదు.

బీరయ్య బిడ్డ

బీరయ్య మా వైపు గొర్రెల కాపరి. చిన్నప్పటి నుంచీ ఎరుక. గొర్రెల మందతో కల్వకుర్తి దాకా నడిచి వెళ్ళి వచ్చేవాడు. ఆయన బిడ్డ అనిత డిగ్రీ చదివింది, పోలీసు ఉద్యోగానికి తయారవుతోంది. మైనస్ నాలుగున్నర. ఆ ఉద్యోగానికి అద్దాలు అడ్డమని, ఇద్దరూ కలిసి ఒక పొద్దున నా దుకాణానికి వచ్చారు.

"అన్నా, గీ లేజరు చేపిస్తె మంచిదేనా?" అన్నాడు బీరయ్య.

"పోరికి ఇరవై రెండు దాటింది, పవర్ రెండేండ్ల సంది మారలే. చేపియ్యొచ్చు."

"నొప్పి గిట్ల ఉంటదా సారూ?" అంది అనిత.

"ఏముండదు బిడ్డా. ఇంతసేపట్ల అయిపోతది."

లెన్సులు వాడుతున్నావా అని అడిగాను. గ్రౌండులో పరుగు ప్రాక్టీసుకు పెట్టుకుంటానంది. తరువాత తనంతట తానే ఇంకో మాట అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"సాయంత్రం కాంగనె కండ్లు గరగర అంటున్నయి సారూ. ఇసుక వడ్డట్టు."

"లెన్సులు వెట్టుకుంటె గంతే ఉంటది" అన్నాను, తల ఎత్తకుండా. చివరి గడిలో "లేదు" దగ్గర టిక్కు పెట్టి, సంతకం చేసి, చీటీ చేతికిచ్చాను.

పిల్లలారా, ఇక్కడ ఆగండి. రోగం తన పేరు తానే చెప్పుకుంది. నేను వినలేదు. అబద్ధాలు పట్టుకోవడానికి నా చెవులు అంతగా అలవాటు పడిపోయాయి, నిజం చెబుతుంటే అవి పని చేయలేదు.

అన్ని అక్షరాలూ కనబడ్డాయి

ఆపరేషన్ బాగానే అయింది. రెండో వారం వచ్చి చిన్న వరుస చదివింది. బీరయ్య మురిసిపోయి నాకు ముంతెడు మేకపాలు తెచ్చాడు. పోలీసు ఉద్యోగం మాత్రం రాత పరీక్షలో కొద్దిలో తప్పింది. అనిత అద్దాలు లేకుండానే ఒక ఆన్‌లైన్ సెంటర్లో పనికి కుదిరింది. భూమి దరఖాస్తులు, కాలేజీ ఫారాలు, పరీక్షల హాల్ టికెట్లు, అన్నీ కంప్యూటర్లో కొట్టి ఇచ్చే పని. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా.

మూడో నెలలో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మండుతున్నయి సారూ. పగటియాల్ల కాంగనె స్క్రీన్ మీద అక్షరాలు రెండు రెండు గనవడుతున్నయి. మొన్న ఒకాయన సర్వే నంబరు తప్పు గొట్టిన. మా ఓనరు ఇంకోపారి గిట్లైతె రావొద్దన్నడు."

కుర్చీలో కూర్చోబెట్టి బల్బుల చార్టు వేశాను. "రెప్ప కొట్టి చదువు."

చదివింది. కుడి కన్ను, అన్ని వరుసలూ. ఎడమ కన్ను, అన్ని వరుసలూ. ఒక్క అక్షరం తప్పలేదు.

నాకు అనుమానం వచ్చింది. పని మానేయాలని చూస్తోందేమో. ఫోన్ చూస్తూ నిద్ర పాడు చేసుకుంటోందేమో. లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. కనబడుతూ కనబడడం లేదనే మనిషికీ, కనబడకుండా కనబడుతోందనే మనిషికీ నా దగ్గర ఒకటే మందు, ముఖం మీద చెప్పేయడం.

"చూపు బ్రహ్మాండంగ ఉంది. ఫోన్ జర తగ్గించు."

"ఫోన్ గాదు సారూ, పని. పని తగ్గియ్యమంటరా?"

నేను నవ్వాను. అది తప్పు. అనిత లేజరు సెంటరుకు ఫోన్ చేస్తే వాళ్ళూ అదే అన్నారట, చూపు సిక్స్ బై సిక్స్ ఉంది కదా, ఆపరేషన్ సక్సెస్ అని. నేనూ వాళ్ళూ కలిసి ఆ పిల్లకు ఏ రోగమూ లేదని తేల్చేశాం. ఆమె ఏం చేస్తుంది? ఎవరి దగ్గర నుంచి ఏమీ దొరకకపోతే మనిషి మెడికల్ షాపుకే పోతాడు. అది నాకు ఆ తరువాత తెలిసింది.

కాపరి చూసింది

నాలుగైదు నెలలు అయ్యాయి. బీరయ్య దగ్గరి చూపు అద్దాలకని వచ్చాడు. ఫ్రేము చెవుల మీద సర్దుతుంటే అన్నాడు:

"అన్నా, మా పోరి రెప్ప గొడ్తలేదే."

"అంటె?"

"గొర్రె కండ్లల్ల దుమ్ము వడ్తె టపటప మూస్తది, నీళ్ళు గార్తది. రెప్ప గొట్టక గుడ్లు దెరిసి చూసుకుంట నిలవడ్డదంటె దానికి పానం మంచిగ లేదని లెక్క. ఇది ఇంట్ల గూడ గట్లనే చూస్తాంది. కంప్యూటర్ ముంగట అయితె బొమ్మ లెక్కనే. నేను పొయ్యి చూసిన. అంత మందు పోసుకుంటాంది, తక్కువైతలేదు."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. రెప్ప కొట్టడం లేదు. మరి నా దగ్గర? నా దగ్గర ప్రతి వరుసకూ నేనే కొట్టిస్తున్నాను కదా.

ఆ మధ్యాహ్నమే దుకాణానికి తాళం వేసి ఆన్‌లైన్ సెంటరుకు వెళ్ళాను. నలభై రెండేళ్ళలో ఒక గిరాకీ పనిచేసే చోటికి వెళ్ళి చూడడం అదే మొదటిసారి. అది కూడా రాసుకోండి.

కౌంటరు అవతల నిలబడ్డ వాళ్ళకు కూడా కనబడాలని మానిటరును సీపీయూ డబ్బా మీద ఎత్తి పెట్టారు. అనిత కూర్చున్న కుర్చీ స్ప్రింగు విరిగి కిందికి దిగిపోయింది. అంటే రోజంతా ఆమె తల ఎత్తి, కళ్ళు ఇంత పెద్దవి చేసి పైకి చూస్తోంది. పక్కన కూలరు, దాని గాలి నేరుగా మొహానికి. ఒక రైతు దరఖాస్తు మొత్తం కొట్టింది, నేను నిలబడి చూశాను. రెప్ప సగం దిగుతుంది, ఆగిపోతుంది, లేచిపోతుంది. నిండుగా ఒక్కసారి కూడా మూసుకోలేదు.

"బిడ్డా, ఆ క్యాలెండర్ మీది తారీకులు జూడు. నేను చెప్పేదాంక రెప్ప కొట్టొద్దు."

"కనవడుతున్నయి సారూ… ఇరవై ఒకటి, ఇరవై రెండు…" నాలుగు లెక్కపెట్టేలోపు ఆమె గొంతు ఆగింది. "కరుగుతున్నయి సారూ. నీళ్ళల్ల వడ్డట్టు."

"ఇప్పుడు కొట్టు."

"మళ్ళ వచ్చినయి."

అంతే రోగం. కన్ను మీద తడి నిలవడం లేదు. రెప్ప కొట్టిన క్షణం చూపు ఉంటుంది, తరువాత పోతుంది. నేను ఆ మంచి క్షణాన్ని మాత్రమే ఏరి ఏరి కొలిచి, చూపు బ్రహ్మాండమన్నాను. లేజరు కోసం కంటి మీది పారదర్శకపు పొరను కోసినప్పుడు అందులోని సన్నని నరాలు తెగుతాయి. కన్ను ఎండిందన్న కబురు లోపలికి సరిగ్గా పోదు, రెప్ప వేయాలని తోచదు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ముందే పొడి ఉన్నవాళ్ళకు, రోజంతా తెర ముందు కూర్చునేవాళ్ళకు తగ్గడానికి చాలా కాలం పట్టొచ్చు. ఇది నా పుస్తకంలో ఉంది. నా దగ్గరున్న పుస్తకంలోనే. నేను ఆ పేజీ దాకా పోలేదు.

"ఏం మందు పోసుకుంటున్నవ్?" అన్నాను.

డెస్కు సొరుగులోంచి చిన్న సీసా తీసింది. ఊపి వెలుతురుకు పెట్టి చూశాను. పాలలా తెల్లగా ఉంది.

కంట్లో వేసే స్టెరాయిడ్లలో చాలావాటికి ఊపితే ఆ తెలుపు వస్తుంది. ఆపరేషన్ తరువాత కొద్ది రోజులు వాడి ఆపేయాలి. ఊరికే వాడుతూ పోతే కొందరికి కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. చూపు నరం మెల్లగా చచ్చిపోతుంది. పోయిన చూపు మళ్ళీ రాదు, ఏ లేజరూ తేలేదు.

"ఎన్ని రోజుల సంది?"

"ఆపరేషన్ చీటీల ఇదే ఉండె సారూ. మెడికల్ షాపాయన అదే మళ్ళ ఇచ్చిండు. మీ దగ్గరికి వచ్చి పోయిన తెల్లారి సంది. ఇది ఏస్తె జర సల్లగ ఉంటది."

నా దగ్గరికి వచ్చి పోయిన తెల్లారి నుంచి.

కాగితం ముక్క

మరునాడు నల్లగొండలో ఒక పాత కంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. చిన్న దవాఖాన, పెద్ద కోపం. బీరయ్య కూడా వచ్చాడు. ఆమె కంటి ఒత్తిడి కొలిచి, మళ్ళీ కొలిచి, మొహం చిట్లించింది.

"పెరిగింది. లేజరు చేసిన కంటికి పొర పలచబడతది, మిషను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తది. అంటే నిజానికి ఇంకా ఎక్కువే ఉండొచ్చు."

"చూపు పోతదా అమ్మా?" అన్నాడు బీరయ్య.

డాక్టరమ్మ అనిత కంట్లో మందు వేసి, నరం చూసింది. ఆ కొద్దిసేపు బీరయ్య నా వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"నరం ఇంకా మంచిగనే ఉంది. ఇంకో ఆరు నెలలు గిట్లనే పోసుకుంటే నేనేం చెప్పలేకపోదును. ఇప్పుడు మందు మారుస్త. నేను చెప్పకుండా ఏదీ వేసుకోవద్దు, ఏదీ ఆపొద్దు."

తరువాత డాక్టరమ్మ సన్నని కాగితం పట్టీ ఒకటి తీసి, కొస మడిచి, అనిత కింది రెప్ప లోపల పెట్టింది. అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమంది. కాగితం ఎంత తడిసిందో కొలిచింది. కొస మాత్రమే తడిసింది.

పొడికన్ను చూడడమంటే మొదటి మెట్టు ఇంతే. ఒక కాగితం ముక్క, అయిదు నిమిషాలు. ఇంత చిన్న పని తెలియకుండానే ఇన్ని చీటీల మీద "లేదు" అని టిక్కు పెట్టాను.

"ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష ఎవరు చేశారు?" అంది డాక్టరమ్మ.



సెంటరు వాళ్ళ ఫైలు

నాకు ఒళ్ళు మండింది. తప్పు వాళ్ళ మీద వేయాలన్న ఆత్రం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అనితను వెంటబెట్టుకుని హైదరాబాదులోని లేజరు సెంటరుకు వెళ్ళాను. చల్లటి గది, పూల కుండీలు, అద్దాలు విసిరేస్తున్న అమ్మాయి బొమ్మ ఇక్కడా ఉంది. కౌన్సెలరు అమ్మాయి కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"పొడి చూడకుండ ఆపరేషన్ ఎట్ల జేసిన్రు? ఫైలు తియ్యి."

"సర్, చూడకుండా చేయం సర్." ఫైలు తెచ్చింది. పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టింది. "ఇదిగోండి, డ్రై ఐ: నార్మల్, యాజ్ పర్ రిఫరల్."

"అంటె?"

"పంపించిన వాళ్ళు చూసి నార్మల్ అన్నారు సర్." ఆ పేజీ వెనక పిన్ను చేసిన చీటీ తిప్పి చూపింది. "ఇది మీ సంతకమే కదా సర్?"

నా సంతకమే. గడిలో నా టిక్కు. నా దుకాణం ముద్ర.

అసలు మోసం ఇక్కడుంది, పిల్లలారా. వాళ్ళు చూస్తారని నేను చూడలేదు. నేను చూశానని వాళ్ళు చూడలేదు. మధ్యలో ఆ పిల్ల కన్నును ఎవరూ చూడలేదు. వాళ్ళ తప్పు తక్కువది కాదు. కత్తి పెట్టేవాడు తన కళ్ళతో చూసుకోవాలి, కాగితం చూసి కోయకూడదు. ఈ మాట అక్కడే గట్టిగా అన్నాను, నలుగురు తిరిగి చూశారు. కానీ నా గొంతు నాకే డొల్లగా వినబడింది.

తిరుగు బస్సులో అనిత కిటికీ పక్కన కూర్చుంది, గాలి తగలకుండా చున్నీ మొహానికి అడ్డం కట్టుకుంది. చౌటుప్పల్ దాటాక మెల్లగా అడిగింది.

"పొడి లేదని మీకెట్ల ఎరుకైంది సారూ?"

ఏడుపు లేదు, కోపం లేదు, తెలుసుకోవాలని అడిగింది. ఏదో ఒక జవాబు ఉంటుందనే ఆ పిల్ల అనుకుంది.

ఎట్లా నెట్టుకొస్తోంది

మూడు నెలలకు ఒత్తిడి దిగింది. నరం నిలిచింది. పొడి మాత్రం పూర్తిగా పోలేదు, ఎప్పటికి పోతుందో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. నయమైపోతుందని హామీ ఇచ్చేవాణ్ణి అనుమానించండి.

అనిత ఎట్లా గడుపుతోందో రాస్తాను, మీ దగ్గరికి వచ్చే వాళ్ళకు పనికొస్తుంది. డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన రోజే బీరయ్య వెళ్ళి సీపీయూ డబ్బాను కింద పెట్టించి, మానిటరును బల్ల మీదికి దించాడు. ఇప్పుడు ఆమె చూపు కొంచెం కిందికి వాలి ఉంటుంది, కన్ను సగం మూసినట్టుంటుంది, తడి తొందరగా ఆరదు. కూలరు మొహం గోడకు తిప్పారు. ఓనరు గొణిగాడు. "నీకు సల్లగాలి గావాలె, మా పోరికి కండ్లు గావాలె. ఏది ఎక్కువ?" అన్నాడట బీరయ్య. ఆ తరువాత గొణుగుడు వినబడలేదు.

ఒక్కో దరఖాస్తు అయిపోగానే "సబ్మిట్" నొక్కే ముందు రెండుసార్లు కళ్ళు పూర్తిగా మూసి తెరుస్తుంది. సగం రెప్ప పనికిరాదు, పై రెప్ప కింది రెప్పను తాకాలి. తన పనికే ముడిపెట్టుకుంది కాబట్టి మరిచిపోదు. పొద్దున గోరువెచ్చని గుడ్డ కళ్ళ మీద పెట్టుకుంటుంది. డాక్టరు రాసిన తడి చుక్కలు వేసుకుంటుంది, నిల్వ మందు కలపని, ఒక్కసారికే వాడే చిన్న సీసాలు, తెరిచినవి దాచుకోవడం లేదు. మెడికల్ షాపువాడు "గిదే మంచిది" అని ఇచ్చేది తీసుకోదు. కళ్ళను తెల్లగా చేస్తాయని టీవీలో చూపించే చుక్కలు తీసుకోదు. నీలి కాంతి ఆపుతుందని మన దుకాణాల్లో అంటగట్టే అద్దాలు? నేనూ అమ్మాను. ఎండిన కంటికి వాటితో ఒరిగింది ఏమీ నేను చూడలేదు.

లేజరు చెడ్డదని నేను అనను. చాలామందికి మంచి జరిగింది, నేను చూశాను. ముందు సరిగ్గా చూసి, వద్దు అనాల్సిన వాళ్ళకు వద్దు అనేవాడు కావాలి. ఆ వద్దు అనడం మన కుర్చీ దగ్గరే మొదలు కావాలి.

చివరి చీటీ

దుకాణం మూసే నెలలో అనిత ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. తన పక్క సీట్లో పనిచేసే కవిత. మైనస్ మూడు, లేజరు చేయించుకోవాలని. నా దగ్గరికి తీసుకురావడం చూసి నాకు సిగ్గేసింది. అంత జరిగినా నన్ను నమ్ముతోందని అనుకున్నాను. అది కూడా తప్పే, ఎందుకో ఆఖర్న తెలిసింది.

బల్బుల చార్టు అప్పటికి గోడ మీద లేదు. ఉస్తాద్ ఇచ్చిన పాత అట్ట చార్టు తగిలించాను. కవితను కూర్చోబెట్టి మొదట మామూలుగా చదివించాను. తరువాత రెప్ప కొట్టకుండా చదవమన్నాను, లోపల లెక్కపెట్టుకున్నాను. అక్షరాలు చాలాసేపు నిలిచాయి. సాయంత్రం కళ్ళు గరగరలాడతాయా అని అడిగాను, జవాబు పూర్తయ్యే దాకా ఆమె మొహం చూస్తూ విన్నాను.

సొరుగులో పాత చీటీ ఒకటి మిగిలింది. నింపాను. చివరి గడి దగ్గరకు రాగానే పెన్ను ఆగింది. అనిత కౌంటరు మీదికి వంగి నా చేతినే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. నలభై రెండేళ్ళు కుర్చీలో కూర్చున్న వాళ్ళను నేను చూసిన అనుమానపు చూపే.

"ఉంది" కొట్టేశాను. "లేదు" కొట్టేశాను. పక్కన తెలుగులో రాశాను: "నేను చూడలేదు. చూసే కాగితం నా దగ్గర లేదు. ఆపరేషన్ చేసేవాళ్ళే చూడాలి."

అనిత చీటీ తన వైపు తిప్పుకుంది. ఒక్కో మాటా చదివింది. రెండుసార్లు రెప్పలు నిండుగా వేసి తెరిచి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. అప్పుడు చీటీని నా ముందుకు జరిపింది.

"ఇప్పుడు సంతకం వెట్టుర్రి సారూ."